గోడకీ వచ్చిన మచ్చ

“సోమవారం మా పాప చెంప మీంచి చిటికెన వేలి గోరులో సగమంత చర్మం కోసి తీస్తామన్నారండీ. ఎక్కడ కొయ్యాలో తెలియడానికి మచ్చ ఇంకా స్పష్టంగా కనపడే ఫొటో ఒకటి కావాలట. ఈ కెమెరాలో మచ్చ మసగ్గా వస్తోంది, ఎలాగైనా బాగుచేసిపెట్టండి.”

ఈ మాటలు నేను ఒక గోడతో చెప్పాను. గోడ తెల్లగా, నున్నగా, నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. వెనకాల బల్ల దగ్గర కూర్చున్నావిడ “ఊఁ” అంది. ఆవిడ ముఖం చూసి చెబుదామని తిరగబోయాను.

“తిరక్కు! మూత తీసి ఉంది. మాట్లాడాలంటే గోడతోనే మాట్లాడు. నాకు వినపడుతుందిలే.”

ఆ గదిలో పద్ధతే అది. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ వచ్చినవాళ్లు గోడవైపు తిరిగి నిలబడాలి. మనిషి మాట్లాడితే నోట్లోంచి కంటికి కనపడని తుంపర రాలుతుందనీ, అది కెమెరా లోపల పడితే తన పని రెట్టింపవుతుందనీ ఆవిడ నమ్మకం. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లూ, పత్రికలవాళ్లూ, పక్షుల ఫొటోలు తీసే రిటైర్డ్ మేజిస్ట్రేటూ, అందరూ హోమ్‌వర్క్ చెయ్యని పిల్లల్లా ఆ గోడ ముందు నిలబడ్డవాళ్లే.

ఆవిణ్ణి ఫొటోగ్రాఫర్లందరూ మచ్చల పెద్దమ్మ అంటారు. కెమెరా సెన్సర్ల మీద, అంటే లోపల వెలుగుని పట్టే పలకల మీద, పడ్డ మచ్చలు తీసిపెట్టడం ఆవిడ వృత్తి. ఓ మూడంతస్తుల భవనంలో మెట్ల కింద మిగిలిన గది ఆవిడ కొట్టు. అందులో ఫ్యాను లేదు, కర్టెను లేదు, చివరికి గోడకి కేలండరు కూడా లేదు, కాగితం పొట్టు రాలుతుందట. గంటకోసారి నేల తడిగుడ్డతో తుడుస్తుంది. లోపలికి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి, మోచేతుల దాకా కడుక్కోవాలి, ఆవిడ ఇచ్చిన, పీచు రాలని కోటు తొడుక్కోవాలి. ఆ కోటు నాకు మోకాళ్ల దాకా వచ్చింది. ఆ అవతారంలోనే గోడకి నా గోడు చెప్పుకున్నాను.

గుమ్మం బయట స్టూలు మీద ఆవిడ భర్త కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. నేను వెళ్లగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “తుమ్ములున్నాయా బాబూ?”

“లేవండీ.”

“అదృష్టవంతుడివి, లోపలికి వెళ్లు. నాకున్నాయి. ఇరవై ఏళ్లుగా ఇక్కడే.” అని ఒకటి తుమ్మి చూపించాడు. కొట్టు పెట్టిన రోజు లోపలికి రెండడుగులు వేసి తుమ్మాడట. అంతే, మళ్లీ గడప తొక్కనివ్వలేదు. మధ్యాహ్నం ఆయన తెచ్చే భోజనం క్యారేజీ కూడా కిటికీలోంచే లోపలికి పోతుంది.

ఇంతకీ నా గోడు ఏమిటంటే:

నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. కుళాయిల నీళ్లు సీసాల్లో పట్టి, అందులో ఏముందో, ఎంతుందో అంకెల్లో రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటుకొద్దీ పాప పుట్టిన రోజు నుంచీ పాపని కూడా అంకెల్లోనే రాస్తున్నాను. ఎన్నిసార్లు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎన్ని గుడ్డలు తడిపింది. మా ఆవిడ “నువ్వు పిల్లని పెంచట్లేదు, శాంపిల్ భద్రం చేస్తున్నావు” అంటుంది. ఆ లెక్కల్లో భాగంగా రోజుకో ఫొటో. బాల్కనీలో పాప కుర్చీ ఎక్కడ ఉండాలో నేలమీద టేపు అంటించాను. కెమెరా స్టాండు మూడు కాళ్లకీ మూడు టేపు ముక్కలు. కెమెరా కంట్లో చూస్తే గళ్లు కనపడతాయి కదా, పాప ముఖం రోజూ సరిగ్గా నడిమి గడిలోనే ఉండాలి. అలా ఉంటేనే నిన్నటికీ ఇవాల్టికీ పోలిక కుదురుతుంది. పదకొండు నెలల పిల్ల, గడిలో కుదురుగా ఉంటుందా? ముప్పై ఫొటోలు తీస్తే ఒకటి కుదిరేది. దాన్ని ఉంచేసి, మర్నాడు పొద్దున్న కార్డు సర్దేటప్పుడు మిగతా ఇరవైతొమ్మిదీ చెరిపేసేవాణ్ణి.

ఒకరోజు ఫొటోలో పాప ఎడమ చెంప మీద బూడిదరంగు చుక్క కనపడింది. పరుగెత్తుకెళ్లి చెంప చూశాను. ఏమీ లేదు. తడిగుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి చూశాను. భూతద్దాన్ని పాప లాక్కుని నోట్లో పెట్టుకుంది తప్ప ఇంకేమీ తేలలేదు. మర్నాడు ఫొటోలో మళ్లీ అక్కడే చుక్క. సాయంత్రం గదిలో తీసిన ఫొటోలో లేదు. ఎండలో తీస్తే ఉంది.

నాకు అర్థమైపోయింది. పాపకి ఎండ పడట్లేదు. మరి కంటికి కనపడనిది కెమెరాకి ఎలా కనపడుతోంది? అదీ అర్థమైపోయింది. మన కంటికి అందని కాంతి కూడా సెన్సర్‌కి కాస్తో కూస్తో అందుతుందని చదువుకున్నవాణ్ణి కనుక, మచ్చ చర్మం లోపలి పొరలో ఉందని తేల్చాను. చదువుకోనివాడైతే ఇంత దూరం ఆలోచించి ఉండేవాడు కాదు.

బాల్కనీ తలుపు మూసేశాను. కుర్చీ, స్టాండు, టేపులతో సహా గదిలోకి మార్చాను. కర్టెన్లు వేశాను, అవి చాలవని రోజురోజుకీ వాటి మీద దుప్పట్లు కూడా కప్పుతూ వచ్చాను. పాకుతూ బాల్కనీ తలుపు దాకా వెళ్లి దాన్ని అరచేతుల్తో బాదడం పాపకి అలవాటైంది. తీరా చూస్తే ఎండ తగలకుండా దాచినకొద్దీ ఫొటోలో మచ్చ పెద్దదవుతోంది! రంగు పలచబడుతోంది, అంచులు పాకుతున్నాయి. పైగా ముఖమంతా సన్నటి ఇసుక చల్లినట్టు గరుకుగా కనపడడం మొదలైంది. రోజూ స్కేలు పెట్టి కొలిచి గ్రాఫు గీశాను. పందొమ్మిది రోజుల గ్రాఫు.

“కళ్లతో చూస్తే లేదు, చేత్తో తడిమితే లేదు, ముద్దు పెట్టుకుంటే లేదు. నీ గ్రాఫులో మాత్రమే ఉంది” అంది మా ఆవిడ.

“అదే కదా ప్రమాదం!” అన్నాను.

“నా ఫోన్లో కూడా లేదు. చూడు, నిన్న తీసిందే.”

“ఫోన్లో సెన్సర్ ఎంతుంటుందో తెలుసా? మన పాప చిటికెన వేలి గోరంత. దానికేం కనపడుతుంది?”

పిల్లల డాక్టరు పాప చెంప చూశాడు, ఫొటో చూశాడు, తరవాత చాలాసేపు నన్ను చూశాడు. నేను సరిగ్గా నిద్రపోతున్నానా అని అడిగాడు. అందుకని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాం. నా గ్రాఫుని గౌరవించిన మొదటి మనిషి ఆయనే. “పైకేమీ కనపడట్లేదు. కానీ రోజురోజుకీ ఇంత పద్ధతిగా పెరుగుతోందంటే వదిలెయ్యకూడదు. సోమవారం చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుదాం. ఒక కుట్టు పడుతుంది. చిన్న గాటు మిగులుతుంది, పెద్దయ్యాక కూడా ఉంటుంది” అన్నాడు.

బయటికి రాగానే మా ఆవిడ ఆగి అంది: “నా కూతురి చెంప మీద లేని మచ్చ తియ్యడానికి ఉండిపోయే మచ్చ పెట్టిస్తావా?”

ఆ తరవాత నాతో మాట్లాడలేదు. అది గురువారం. శనివారం పొద్దున్న మా ల్యాబుకి ఫొటోలు తీసిపెట్టే అతన్ని అడిగితే ఈ మెట్ల కింద గది చెప్పాడు. అలా ఈ గోడ ముందుకి వచ్చిపడ్డాను.

“ఇన్నేళ్లలో నా దగ్గరికొచ్చి మచ్చ పోవాలన్నవాళ్లే గానీ, బాగా కనపడాలన్నవాణ్ణి నిన్నే చూశాను” అంది పెద్దమ్మ వెనకనుంచి. “పాపని తీసుకురాకపోయావా?”

“పాపకి ఎండ పడదండీ.”

“ఎవరన్నారు?”

“గ్రాఫు.”

లెన్సు బిగించిన ‘టక్కు’ వినపడింది. “ఇప్పుడు తిరగొచ్చు. కాస్త పక్కకి జరుగు” అంది. జరిగాను. నేను అంతసేపూ మొరపెట్టుకున్న తెల్ల గోడని పెద్దమ్మ ఒక్క ఫొటో తీసింది. కెమెరా వెనక తెర చూసింది. చేత్తో నోరు మూసుకుంది.

“అయ్యయ్యో! ఇదిగో చూడు నాయనా, మా గోడకి కూడా వచ్చేసింది. ఇది అంటుజబ్బు కాదు కదా?”

చూశాను. తెల్ల గోడ మీద, అదే చోట, అదే బూడిదరంగు చుక్క.

“గోడ మీద మరకేమో” అన్నాను.

“మరకా? నా గోడ మీదా?” ఆవిడ కెమెరాని తలకిందులు చేసి ఇంకోటి తీసింది. గోడ మీది మరకైతే చుక్క చోటు మారాలి. మారలేదు. అప్పుడు కిటికీ దగ్గరికెళ్లి “ఏవండీ, ఓసారి ఇటు చూడండి” అంది. డ్రైవరుగారు కిటికీలో ముఖం పెట్టాడు. క్లిక్కుమంది. ఆయన ఎడమ చెంప మీద నిమ్మళంగా కూర్చుని ఉంది నా చుక్క.

“ఏమైందే?” అన్నాడాయన.

“ఏం లేదు. సోమవారం మీక్కూడా కోస్తారట.”

నేలమీద కూర్చుందామనుకున్నాను గానీ ఆ నేల మీద కూర్చోవాలంటే అనుమతి కావాలేమో తెలియదు.

“ఇప్పుడు మళ్లీ మూత తీస్తాను. తిరుగు గోడకి” అంది పెద్దమ్మ. నుదుటికి కట్టుకున్న చిన్న దీపం వెలిగించి, గడియారాల మెకానిక్కులు కంటికి బిగించుకునేలాంటి గాజు పెట్టుకుంది. అంతవరకే చూడగలిగాను. “ఫొటోలో పైన కనపడితే లోపల కింద ఉంటుంది. ఆఁ, దొరికావా తల్లీ. ఇది దుమ్ము కాదయ్యా. తడి ఆరిన మరక. లెన్సు మార్చేటప్పుడు లోపలికి ఊదావా?”

గోడ ముందు నిలబడ్డవాడు అబద్ధం చెప్పలేడు. “కొంచెం” అన్నాను.

“నోటితోనా?”

“నలుసేదో కనపడితేనూ...”

కిటికీ బయట డ్రైవరుగారు ఎవరికో చెబుతున్నాడు: “పాపం, ఊదాడట! చదువుకున్నవాడే, చూస్తే అలా లేడు.”

“మరి రోజూ పెరిగిందండీ, కొలిచాను!” అన్నాను గోడతో.

“ఎందుకు పెరగదు? ఎండలో తీసినప్పుడు లెన్సు కంత చిన్నదవుతుంది. సన్న కంతలోంచి వచ్చిన వెలుగుకి సెన్సర్ గాజు మీది మరక నీడ చిన్నగా, నల్లగా పడుతుంది. నువ్వేమో కర్టెన్లు వేశావు. చీకటైంది కదాని కంత పెద్దదైంది. వెలుగు నాలుగు పక్కలనుంచీ దూరితే అదే నీడ పరుచుకుని పలచబడుతుంది. కంత ఇంకా పెద్దదైతే అసలు కనపడదు. సాయంత్రం దీపాల వెలుగులో నీకు కనపడకపోయింది అందుకే.”

అంటే, పందొమ్మిది రోజులు నేను అంత నిష్ఠగా కొలిచింది మా ఇంటి కర్టెన్లని.

“మరి ముఖమంతా ఇసుక చల్లినట్టు...”

“సెన్సరంటే ఏమనుకున్నావు? కోట్ల గిన్నెలు పక్కపక్కన పేర్చిన పళ్లెం. వెలుగు వానలా పడుతుంది. జోరుగా కురిస్తే గిన్నెలన్నీ ఇంచుమించు సమంగా నిండుతాయి. నాలుగు చినుకులు పడ్డాయనుకో, ఒకదాంట్లో మూడు, పక్కదాంట్లో ఏడు, ఆ పక్కది ఖాళీ. నువ్వు ఐఎస్ఓ, అదే వెలుగుని హెచ్చవేసే మీట, పెంచి ఆ మూడుని మూడువందలనీ, ఏడుని ఏడువందలనీ చెప్పించావు. ఆ హెచ్చుతగ్గులే నీ ఇసుక. పిల్ల చర్మానికేం కాలేదు, గదిలో వెలుగు చాలలేదు.”

ఇది నేను పరీక్షలో ఫస్ట్ క్లాసు మార్కులు తెచ్చుకున్న పాఠమే. గిన్నెల్లో చెప్పలేదు గనక గుర్తుపట్టలేదు.

“మా ఆవిడ ఫోన్లో మచ్చ లేదంది. దాని సెన్సర్ చిన్నది, దాని మాట నమ్మకూడదన్నాను.”

“చిన్నదే. చిన్న గిన్నెలు, చీకట్లో ఇంకా ఎక్కువ ఇసుక వస్తుంది. అయితే దానికి మూత తీసి ఊదే మొగుడు లేడు.”

కిటికీ బయట పెద్ద తుమ్ము వినపడింది. నవ్వబోయి తుమ్మినట్టున్నాడు.

మరక ఎండిపోయిందట, మందు నీళ్లలో ముంచిన చిన్న పట్టీతో రెండు మూడుసార్లు తుడవాలి, ఒక్కోసారికీ మధ్య ఆరనివ్వాలి. ఆ ఆరే విరామాల్లో పెద్దమ్మ తన కథ చెప్పింది. నేను గోడవైపు తిరిగే విన్నాను.

ఆవిడ ఇరవయ్యో ఏట ఒక ఫొటో స్టూడియోలో చేరింది. అప్పట్లో ఫొటో తీశాక నెగటివ్‌ని గాజుబల్ల మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది మచ్చలు పూడ్చేవాళ్లు. మొటిమలు, గాట్లు, కళ్లకింది నలుపు, అన్నీ ఆవిడ పెన్సిలు కింద మాయమయ్యేవి. ఊళ్లో సగంమందికి రెండేసి ముఖాలుండేవట, ఒకటి మెడమీద, ఒకటి ఆవిడ గాజుబల్ల మీద.

ఒకసారి గుర్తింపు కార్డుకని ఫొటో దిగిన పెద్దమనిషి ముఖం మీద బఠాణీగింజంత పుట్టుమచ్చ ఉంటే, అలవాటుగా అదీ తీసేసింది. ఆయన కార్డు పట్టుకుని ఆఫీసుకి వెళితే గుమాస్తా ఫొటోనీ ముఖాన్నీ మార్చి మార్చి చూసి “ఈయనెవరు? మీ తమ్ముడా?” అన్నాడట. పెద్దమనిషి స్టూడియోకొచ్చి బల్ల గుద్ది “నా పుట్టుమచ్చ నాకిచ్చెయ్యండి!” అని అరిచాడు. నెగటివ్ మీది పెన్సిలు గీత తుడిచేస్తే సరిపోయేది. కంగారులో పెద్దమ్మ ప్రింటు మీదే సిరాతో చుక్క పెట్టింది. ఏ చెంపో చూసుకోవడానికి నెగటివ్‌ని ఎత్తి చూసింది, తిరగేసి చూసింది. చుక్క అవతలి చెంప మీద పడింది. ఈసారి గుమాస్తా “మీరు ముగ్గురు అన్నదమ్ములా?” అన్నాడట.

“అప్పుడు ఓనరు నన్ను తీసెయ్యాలి. తియ్యలేదు. ఎందుకంటే ఆయన ముఖం మీద నేను పూడ్చిన గుంటలు నాకొక్కదానికే తెలుసు” అంది.

ముప్పై ఏళ్లు ఆ బల్ల ముందే గడిచాయి. తరవాత డిజిటల్ కెమెరాలొచ్చాయి. నెగటివ్‌లు పోయాయి, పెన్సిళ్లు పోయాయి, చివరికి స్టూడియో మూతపడింది. ఆఖరి రోజు ఓనరు తన కొత్త కెమెరా పట్టుకుని తిట్టుకుంటున్నాడట, ఎవరి ఫొటో తీసినా ఆకాశంలో ఒకేచోట చుక్కలేనని. పెద్దమ్మ దాన్ని తీసుకుని కిటికీ వెలుగులో లోపలికి చూసింది. లోపల తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దదైన గాజు పలక, దాని మీద నాలుగు నలుసులు. “అదేదో కొత్త లోకమనుకుని ఏడాది నుంచీ భయపడుతున్నాను. తీరా చూస్తే అవీ మచ్చలే” అంది. మర్నాడే ఈ మెట్ల కింద గది వెతుక్కుంది. “అప్పుడు మనుషుల మచ్చలు తీశాను, ఇప్పుడు మిషన్ల మచ్చలు తీస్తున్నాను. మిషన్లే నయం. తీసిన మచ్చ మళ్లీ ఇమ్మని బల్ల గుద్దవు.”

పట్టీ ఆఖరిసారి తిప్పి, ఆవిడ మూత పెట్టేసింది. “తిరుగు” అంది. గోడని మళ్లీ ఫొటో తీసింది. తెల్ల గోడ ఈసారి తెల్ల గోడలాగే వచ్చింది. నా చెంప మీంచే ఏదో తీసేసినట్టనిపించింది.

నేను వెళ్లబోతుంటే ఆవిడ కెమెరా చేతికివ్వలేదు. తెర మీద మా పాప ఫొటోలు వెనక్కి జరుపుతోంది.

“నాకొకటి అర్థం కాలేదు. సెన్సర్ మీది మరక ఫొటోలో ఒకేచోట ఉంటుంది, సరే. పిల్ల మాత్రం రోజూ ఒకేచోట ఎలా ఉంది? మచ్చ చెంప మీదే ఎలా పడింది ప్రతిసారీ?”

టేపుల సంగతి, గళ్ల సంగతి, చెరిపేసిన ఇరవైతొమ్మిది సంగతి చెప్పాను.

“ఆ చెరిపేసినవాటిల్లో మచ్చ ఎక్కడుందో ఒక్కసారైనా చూశావా?”

చూడలేదు. కుదిరినవాటినే చూశాను. ల్యాబులో ఎవరైనా నచ్చిన సీసాలే ఉంచుకుని మిగతావి పారబోస్తే నేనే వాళ్ల మీద రిపోర్టు రాస్తాను.

నిన్న తీసిన వాటిని చెరపడం ఇవాళ కంగారులో మరిచిపోయాను. పెద్దమ్మ ఒక్కొక్కటే చూపించింది. పాప పక్కకి వాలింది, మచ్చ చెవి మీద. పాప ముందుకి వంగింది, మచ్చ కుర్చీ పట్టీ మీద. పాప కుర్చీలోంచి జారిపోయింది, మచ్చ ఖాళీ గోడ మీద. మూతి తుడవడానికి మా ఆవిడ అడ్డొచ్చింది, మచ్చ మా ఆవిడ ముక్కు మీద. నిజం పందొమ్మిది రోజులుగా రోజుకి ఇరవైతొమ్మిదిసార్లు చెప్పింది. నేను రోజూ దాన్ని చెరిపేసి, అబద్ధాన్ని భద్రపరిచాను.

పెద్దమ్మ ఈసారి ఎగతాళి చెయ్యలేదు. కెమెరా నా చేతిలో పెట్టి, కోటు విప్పించి మడతపెడుతూ అంది:

“మా అమ్మాయి నాలుగేళ్లప్పుడు ఇలాంటి మెట్ల మీంచే పడి కనుబొమ్మ చీల్చుకుంది. చేతిలో పెన్సిలుంది కదా, ప్రతి ఫొటోలో పూడ్చేశాను. బాగా రానివి చింపేశాను. మొన్న వచ్చి, అమ్మా, ఈ గాటు నాకు ఎప్పటినుంచి ఉంది, ఎలా ఉండేది అప్పుడు, అని అడిగింది. చూపిద్దామంటే ఒక్కటీ లేదు. ఆల్బమ్ నిండా ఎవరో బొమ్మలాంటి పిల్ల ఉంది.”

ఆ తరవాత రెండు మాటలు చెప్పింది. ఒకటి: “ఏదైనా చూసి భయమేస్తే ముందు గోడని తియ్యి. గోడకీ ఉంటే జబ్బు నీ డబ్బాది.” రెండోది గుమ్మం దాకా వచ్చి చెప్పింది, డ్రైవరుగారి తుమ్ము తగలకుండా గుమ్మం లోపలే నిలబడి: “బాగా రానివాటిని చెరపకు నాయనా.”

ఇంటికి వెళ్లేసరికి పాప బాల్కనీ తలుపు దగ్గర కూర్చుని అద్దాన్ని బాదుతోంది. మా ఆవిడ నావైపు చూడలేదు. కెమెరా తెర ఆవిడ ముందు పెట్టాను. కిటికీలో డ్రైవరుగారి ముఖం, ఎడమ చెంప మీద చుక్క.

చాలాసేపు చూసింది. “ఈయనకి కూడా ఎండ పడదా?” అంది.

ఇంకో ఫొటోకి జరిపాను. “ఇది కెమెరా బాగుచేసిన గది గోడ. గోడకి కూడా పడదు.”

గురువారం తరవాత మొదటిసారి మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే నా గ్రాఫు నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టింది. చర్మం డాక్టరుకి ఫోను చేసి సోమవారం రావట్లేదని చెప్పాను. కారణం విన్నాక ఆయన “గ్రాఫు మాత్రం చాలా నీటుగా ఉందండీ” అన్నాడు.

కర్టెన్లు లాగేసి బాల్కనీ తలుపు తీశాను. పాప ఎండలోకి పాకింది. బాల్కనీ ఊచ పట్టుకుని లేచింది. ఊచ వదిలేసింది. ఒకటి, రెండు, రెండున్నర అడుగులు నా వైపు వేసింది. నా దగ్గర స్టాండు లేదు, టేపు లేదు, గళ్లు చూసుకునే తీరిక లేదు. చేతికొచ్చినట్టు నొక్కాను. వచ్చిన ఫొటోలో పాప అలుక్కుపోయింది, తల సగమే ఉంది, మూలకి నా వేలు అడ్డొచ్చింది, మా ఆవిడ కాళ్లు మాత్రం చాలా స్పష్టంగా ఉన్నాయి.

అంతకుముందైతే మర్నాడు పొద్దున్నే అది పోయేది.

ఇప్పుడు పాపకి రెండేళ్లు. భయాలు నాకు తగ్గలేదు, అది వేరే సంగతి. మొన్న థర్మామీటరు నూట నాలుగు చూపిస్తే పరుగెత్తబోయి, ఆగి, ముందు నా చంకలో పెట్టుకున్నాను. నూట నాలుగు. మా ఆవిడకి పెట్టాను. నూట నాలుగు. బ్యాటరీ మార్చాను. రోజూ ఫొటోలు తీస్తూనే ఉన్నాను, ఏడుస్తున్నవీ, పరిగెడుతున్నవీ, వీపు మాత్రమే కనపడేవీ. కార్డు నిండిపోతే ఇంకో కార్డు కొంటున్నాను. నోటితో మాత్రం ఊదట్లేదు. బాగా రానివాటిని చెరపట్లేదు.